మంచు చౌకే... గూడే ఖరీదు!

ఆల్ప్స్ కొండల్లో ఒక శీతాకాలమంతా గడపాలంటే లక్షాధికారే కానక్కర్లేదు. అంట్లు తోమేవాళ్లు, పక్కలు సర్దేవాళ్లు, రోప్‌వే దగ్గర మంచు ఎత్తిపోసేవాళ్లు ఏటా ఆ పని చేస్తూనే ఉన్నారు. ఫ్రాన్స్‌లోని షామొనీ ఊళ్లో వాళ్ల లెక్కలేంటి? చిక్కులేంటి? మన కుర్రకారుకు అందులో చోటెంత?

షామొనీలో డిసెంబరు సగానికి వచ్చేసరికి రెండు రకాల జనం దిగుతారు. జెనీవా విమానాశ్రయం నుంచి టాక్సీ మాట్లాడుకుని వచ్చి, హోటల్లో వారం రోజులుండి వెళ్లిపోయేవాళ్లు ఒక రకం. బస్సులోంచి పెద్ద సంచీ, ఎవరో వాడి వదిలేసిన స్కీలూ దించుకుని, ఏప్రిల్ దాకా ఊరు కదలనివాళ్లు రెండో రకం. మొదటివాళ్లు వారంలో వదిలించుకునే డబ్బుతో రెండోవాళ్లు నెలలు నెట్టుకొస్తారు. పైగా ఆ ఊరి మంచును ఎక్కువగా అనుభవించేదీ వాళ్లే. కొత్త మంచు కురిసిన తెల్లారి మొదటి రోప్‌వే కోసం వరసకట్టినవాళ్లలో, ముందురాత్రి హోటల్ వంటింట్లో పళ్లేలు కడిగినవాళ్లు చాలామందే ఉంటారు.

ఫ్రెంచివాళ్లు వీళ్లను ‘సెజోనియే’ అంటారు. సీజన్ పనివాళ్లన్నమాట. శీతాకాలం కొండల్లో, ఎండాకాలం సముద్రతీరంలో పనిచేస్తూ ఏడాది గడిపేసేవాళ్లూ వీళ్లలో ఉన్నారు. చదువుకీ ఉద్యోగానికీ మధ్య ఒక్క చలికాలం సరదా తీర్చుకుందామని వచ్చేవాళ్లూ ఉన్నారు.

మన సినిమా పాటల పుణ్యమా అని ఆల్ప్స్ అంటే హనీమూన్‌కో, మంచులో హీరోయిన్ పల్చటి చీరకో తప్ప మరి దేనికీ పనికిరాని చోటని మనవాళ్ల నమ్మకం. డబ్బున్నవాళ్ల వ్యవహారమనీ అనుకుంటాం. అది సగమే నిజం. అక్కడ మంచు ఖరీదైంది కాదు. ఆ మంచు పక్కన తల దాచుకునే చోటే ఖరీదు. ఆ చోటొకటి కుదిరితే మిగతావన్నీ ఎలాగోలా సర్దుకుంటాయి. కుదరకపోతే ఎంత పొదుపరికైనా ఖర్చు తడిసి మోపెడవుతుంది.

అతిథులే ఆదాయం

షామొనీ ఫ్రాన్స్‌కు తూర్పు కొసన, ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులు కలిసేచోట ఉన్న ఇరుకు లోయ. ఊరు సముద్రమట్టానికి 1,035 మీటర్ల ఎత్తున ఉంటుంది. నెత్తిమీద మౌంట్ బ్లాంక్ శిఖరం. 2023 కొలతల ప్రకారం దాని ఎత్తు 4,805.59 మీటర్లు. శిఖరం మీది మంచు టోపీ పెరిగి తరుగుతూ ఉండటం వల్ల ఆ అంకె ప్రతి కొలతకీ కాస్త మారుతుంటుంది.

ఈ లోయకు అతిథులు కొత్త కాదు. 1741లో విండమ్, పోకాక్ అనే ఇద్దరు ఆంగ్లేయులు వచ్చి ఇక్కడి హిమానీనదాన్ని చూసి వెళ్లి దాని గురించి రాశారు. యూరప్ దృష్టి ఈ లోయ మీద పడింది అప్పుడే. 1786 ఆగస్టు 8న ఊరివాళ్లే అయిన జాక్ బాల్మా, డాక్టర్ మిషెల్ గాబ్రియేల్ పకార్ మౌంట్ బ్లాంక్ తొలిసారి ఎక్కారు. 1821లో కొండదారి చూపించే గైడ్లంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. అది ఇప్పటికీ నడుస్తోంది. 1924లో తొలి శీతాకాల ఒలింపిక్స్ జరిగింది ఇక్కడే. చిత్రమేంటంటే, ఇవాళ ఈ ఊరికి కూడు పెడుతున్న ఆల్పైన్ స్కీయింగ్ ఆ ఒలింపిక్స్‌లో లేనే లేదు. అది ఒలింపిక్స్‌లో చేరింది 1936లో.

మన దేశానికి ఈ కొండతో ఉన్నది చేదు జ్ఞాపకం. 1966 జనవరి 24న జెనీవాలో దిగాల్సిన ఎయిరిండియా ‘కాంచన్‌జంగా’ విమానం మౌంట్ బ్లాంక్‌ను ఢీకొట్టింది. అందులో ఉన్న 117 మందీ చనిపోయారు. మన అణుశక్తి కార్యక్రమానికి పునాది వేసిన హోమీ భాభా వాళ్లలో ఒకరు. అంతకుముందు 1950 నవంబరులో ‘మలబార్ ప్రిన్సెస్’ అనే మరో ఎయిరిండియా విమానం కూడా ఇదే కొండకు బలైంది. హిమానీనదం కరుగుతున్నకొద్దీ ఆ విమానాల తాలూకు వస్తువులు ఇప్పటికీ బయటపడుతున్నాయి. 2020లో అలా దొరికిన భారతీయ పత్రికల్లో ఇందిరాగాంధీ ప్రధాని అవుతున్న వార్త చెక్కుచెదరకుండా ఉంది.

ఇన్నేళ్లుగా అతిథుల మీదే బతుకుతున్న ఊరు కనుక, అతిథికి కావాల్సినవన్నీ అక్కడ ఉన్నాయి. లేనిదల్లా అతిథికి సేవ చేసే మనిషికి గది.

ఇళ్లున్నాయి, తాళాలేసి!

షామొనీ జనాభా తొమ్మిది వేల లోపే. ఊళ్లోని ఇళ్లలో మూడింట రెండొంతులకు పైగా సెలవుల ఇళ్లు. అంటే యజమాని పారిస్‌లోనో, లండన్‌లోనో ఉంటాడు. ఏడాదిలో కొన్ని వారాలు వచ్చిపోతాడు. మిగతా రోజులు ఇల్లు తాళమేసి ఉంటుంది, లేదంటే వారాల లెక్కన పర్యాటకులకు అద్దెకిస్తారు. వారానికి వచ్చే అద్దె రుచి మరిగిన యజమాని, నాలుగు నెలలుంటానని వచ్చిన వెయిటర్‌కు ఇల్లెందుకిస్తాడు?

అందుకే గదిలో ఒక్క మంచానికి నెలకు ఐదారు వందల యూరోలు అడగడం అక్కడ మామూలు విషయం. లెక్క తేలిగ్గా ఉండాలంటే యూరోకి వంద రూపాయలు వేసుకోండి. అరవై వేల రూపాయలిచ్చినా దొరికేది గది కాదు, పంచుకునే గదిలో ఒక మూల. అదీ దొరకనివాళ్లు వ్యాన్‌లో పరుపు, పొయ్యి, చిన్న హీటరు బిగించుకుని పార్కింగ్ స్థలాల్లో కాలక్షేపం చేస్తారు. రాత్రిపూట సున్నాకు పది డిగ్రీలు కిందికి పడిపోవడం మామూలైన చోట వ్యాన్ కాపురం వినడానికి సాహసంలా ఉంటుందేమో గానీ, జనవరిలో లోపలి గోడలకు ఊపిరి ఆవిరి గడ్డకట్టుకుపోతుంటే చేదుగానే ఉంటుంది.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పర్యాటక పట్టణాలు సీజన్ పనివాళ్ల వసతి కోసం ప్రభుత్వంతో ఒప్పందం చేసుకోవాలని 2016 నాటి కొండ ప్రాంతాల చట్టం చెప్పింది. 2024 నవంబరులో వచ్చిన మరో చట్టం, కొత్తగా కట్టే ఇళ్లు ఏడాది పొడవునా కాపురం ఉండేవాళ్లకే దక్కాలని షరతు పెట్టే అధికారం ఊళ్లకిచ్చింది. దాన్ని మొదట వాడుకున్న ఊళ్లలో షామొనీ ఒకటి. కానీ ఇప్పటికే కట్టేసిన సెలవుల ఇళ్లకు ఆ షరతు వర్తించదు.

కాబట్టి అనుభవజ్ఞులు పాటించే సూత్రం ఒక్కటే. ఉద్యోగంతోపాటు బస ఇచ్చే యజమానిని వెతుక్కోవడం. జీతం కాస్త తక్కువైనా సరే, మంచం ఇచ్చే హోటలే మేలు. ఊరి నడిబొడ్డున కాకుండా కింద లేజూష్, సెర్వో వైపో, పైన అర్జాంతియేర్, వలోర్సీన్ వైపో చూసుకుంటే అద్దె కొంత తగ్గుతుంది. లోయ పొడవునా బస్సులు తిరుగుతాయి. సెయింట్ జెర్వే నుంచి స్విట్జర్లాండ్‌లోని మార్తిన్యీ వైపు వెళ్లే ‘మౌంట్ బ్లాంక్ ఎక్స్‌ప్రెస్’ చిన్న రైలు ఈ ఊళ్లన్నింటినీ కలుపుతుంది. కారు లేకున్నా గడిచిపోతుంది. వేటకు బయల్దేరాల్సింది మాత్రం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. డిసెంబరులో సంచీ భుజానేసుకుని వెళ్లి గది వెతుక్కుంటానంటే ఆదిలోనే హంసపాదు.

శనివారం... పది నుంచి నాలుగు

ఏ పని దొరుకుతుంది? వంటింట్లో అంట్లు, హోటల్లో గదుల శుభ్రం, రెస్టారెంట్లో వడ్డన, దుకాణంలో స్కీల అద్దె, రోప్‌వేల దగ్గర మనుషుల్ని ఎక్కించి దించడం. స్కీయింగ్ నేర్పే పని మాత్రం అందరికీ అందేది కాదు. ఫ్రాన్స్‌లో దానికి ప్రభుత్వం గుర్తించిన డిప్లొమా ఉండాలి. దేశం మొత్తానికీ గైడ్లను, శిక్షకులను తీర్చిదిద్దే జాతీయ సంస్థ షామొనీలోనే ఉంది. అక్కడ పట్టా పుచ్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఈ ఊళ్లో పని ఎలా ఉంటుందో తెలియాలంటే శనివారం చూడాలి. ఆల్ప్స్‌లో ఇళ్ల అద్దె శనివారం నుంచి శనివారానికి. ఉదయం పదికల్లా పాత కుటుంబం వెళ్లిపోతుంది. సాయంత్రం నాలుగింటికల్లా కొత్త కుటుంబం గుమ్మంలో ఉంటుంది. మధ్యలో ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లో పన్నెండు మంది వారం రోజులున్న కొయ్య ఇంటిని కొత్తదానిలా చేయాలి. ముందు పై అంతస్తు పడకల దుప్పట్లు, దిండు గలీబులు లాగి మెట్ల మీద నుంచి కిందికి పడేస్తారు. ఒకరు స్నానాల గదుల్లో సున్నపు మరకలు వదలగొడుతుంటే, ఇంకొకరు నిప్పుగూడులో బూడిద ఎత్తుతారు. వాకిట్లో మంచు పారతో తోసేయాలి. స్కీ బూట్లు పెట్టే గదిలో మడుగు కట్టిన నీళ్లు తుడవాలి. ఫ్రిజ్‌లో పాత కుటుంబం వదిలేసిన సగం వెన్న, తెరవని పాస్తా పొట్లం, నాలుగు గుడ్లూ ఉంటే అవి పనివాళ్ల వాటా. ఈ వాటా మీదే సగం వారం వంట నడిపేవాళ్లున్నారు.

వంటింటి పనికీ కిటుకులున్నాయి. ఈ ప్రాంతం జున్నుకు పేరు. కరిగించిన జున్నులో రొట్టెముక్కలు ముంచుకు తినే ఫాండ్యూ, సెగకు కరిగించి బంగాళదుంపల మీద గీకి వేసుకునే రాక్లెట్ లేని రాత్రి ఉండదు. తిన్నవాళ్లకు రుచే గానీ, గిన్నె తోమేవాడికి నరకం. కొత్తగా చేరినవాడు గబగబా వేడినీళ్లు పోస్తాడు. జున్ను తీగలు సాగి, పీచుకూ చేతికీ అంటుకుంటుంది. పాతవాడు చన్నీళ్లు పోసి అరగంట పక్కన పెడతాడు. గట్టిపడ్డ జున్ను పెచ్చులుగా ఊడొస్తుంది. పది గిన్నెలున్న రాత్రి ఆ అరగంట తేడాతో ఒకడు పదకొండింటికి పడుకుంటాడు, ఇంకొకడు ఒంటిగంటకు.

హోటళ్లలో చాలా పనులు ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు ఉంటాయి. మధ్యాహ్నం ఖాళీ. మామూలు ఊళ్లో అయితే పనివాళ్లు విసుక్కునే ఏర్పాటు ఇది. ఇక్కడ మాత్రం దానికోసమే పోటీ పడతారు. టిఫిన్లు వడ్డించి పదకొండింటికి కొండెక్కితే, నాలుగింటికి దిగొచ్చి రాత్రి భోజనాలకు బల్లలు సర్దొచ్చు.

జీతమెంత, మిగిలేదెంత?

ఫ్రాన్స్‌లో కనీస వేతనం చట్టబద్ధం. 2025లో అది గంటకు 11.88 యూరోలు. వారానికి 35 గంటల లెక్కన నెలకు దాదాపు 1,800 యూరోలు. కోతలు పోగా చేతికొచ్చేది 1,420 పైచిలుకు. హోటళ్లు, రెస్టారెంట్లలో వారానికి 39 గంటల పని మామూలు. ఆ అదనపు నాలుగు గంటలకు పది శాతం ఎక్కువ ఇవ్వాలి. డ్యూటీలో ఉన్నప్పుడు భోజనం పెట్టాలి, లేదా దాని విలువ కట్టివ్వాలి. వాడుకోని సెలవులకు బదులుగా ఒప్పందం చివర్లో మొత్తం జీతంలో పదోవంతు చేతికొస్తుంది.

35 గంటల జీతంతో ఉజ్జాయింపుగా ఒక లెక్క వేద్దాం. నాలుగు నెలల సంపాదన 5,700 యూరోలు. మంచం అద్దె నెలకు 550 చొప్పున 2,200. తిండికి నెలకు 250 చొప్పున వెయ్యి. స్కీ పాస్‌కు మరో వెయ్యి. పాత సామానుకు 400, బీమా, ఫోను, చిల్లర ఖర్చులకు 300. మొత్తం 4,900. మిగిలేది ఎనిమిది వందలు. యజమాని బస, భోజనం ఇస్తే మిగులు ఐదింతల దాకా పెరుగుతుంది. బార్లలో వారానికి రెండు రాత్రులు కూర్చుంటే మిగులు కాస్తా అప్పుగా మారుతుంది. సీజన్ పనివాళ్లలో ఎక్కువమందికి ఏప్రిల్‌లో ఊరొదిలేటప్పుడు జేబు ఖాళీగానే ఉంటుంది. డబ్బు వెనకేసుకోవడానికి షామొనీ వెళ్లేవాడు తప్పు ఊరికి వెళ్లినట్టే. నాలుగు నెలల మంచును ఉత్తపుణ్యానికి అనుభవించి రావడమే ఇందులో లాభం.

పని చేయకుండా సొంత డబ్బుతో గడపాలనుకునేవాళ్లు క్యాలెండర్ చూసుకోవాలి. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాలు మండిపోతాయి. ఫిబ్రవరి నుంచి మార్చి మొదటి రోజుల దాకా ఫ్రాన్స్‌లోని మూడు మండలాల బడులకు వంతులవారీగా సెలవులు. అప్పుడు రోడ్లూ, రోప్‌వేలూ, అద్దెలూ అన్నీ కిక్కిరిసిపోతాయి. జనవరి రెండో వారం నుంచి నెలాఖరు దాకా చలి ఎక్కువ, జనం తక్కువ, ధరలూ తక్కువే. చలికి జంకేవాళ్లకు మార్చి రెండో సగం మేలు. పొద్దు సాగుతుంది, ఎత్తయిన వాలుల మీద మంచు ఇంకా ఉంటుంది.

బూట్లొక్కటే కొత్తవి

స్కీ పాస్‌ను రోజువారీ కొంటే జేబుకు చిల్లే. రోజు టికెట్ అరవై యూరోల పైమాట. సీజన్ పాస్ మాత్రం సుమారుగా పదిహేను, పదహారు రోజుల టికెట్లకయ్యే సొమ్ముకే వస్తుంది. శరదృతువులోనే కొంటే తగ్గింపు ఉంటుంది. నాలుగు నెలలుండేవాడు వారానికి నాలుగు రోజులు కొండెక్కినా, ఒక్కో రోజుకయ్యే ఖర్చు మన మల్టీప్లెక్స్‌లో ఇద్దరికి టికెట్లూ పాప్‌కార్నూ కలిపినదానికి అటూఇటూగా తేలుతుంది. కొందరు యజమానులు జీతంతోపాటు పాస్ కూడా ఇస్తారు. ఒప్పందం మీద సంతకం చేసేముందు అడిగి తీరాల్సిన ప్రశ్న ఇది.

స్కీలు, కర్రలు, కోటు, కళ్లద్దాలు పాతవి చాలు. అక్టోబరు, నవంబరుల్లో ఆల్ప్స్ ఊళ్లలో స్కీ క్లబ్బులు పాత సామాను సంతలు పెడతాయి. సీజన్ చివర్లో దుకాణాలు అద్దెకిచ్చిన స్కీలను తక్కువకు వదిలించుకుంటాయి. తెలిసినవాళ్లు పొదుపు చేయనిది బూట్ల దగ్గర మాత్రమే. దుకాణంలో బూటు లోపలి మెత్తటి తొడుగు బయటికి లాగేస్తారు. ఉత్త ప్లాస్టిక్ డొప్పలో పాదం పెట్టి, వేళ్లు ముందుకు ఆనేదాకా తోయమంటారు. మడమ వెనక రెండు వేళ్లు దూరితే సైజు సరిపోయినట్టు. మూడు వేళ్లు దూరితే వదులు. వదులు బూటులో కాలు కదులుతుంది, కాలు కదిలితే స్కీ మాట వినదు. చలి కదా అని రెండు జతల మేజోళ్లు తొడగడం కొత్తవాళ్లు చేసే పని. రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి. పల్చటి మేజోడు ఒక్కటే వేసుకోవాలి. రాత్రి తొడుగు బయటికి తీసి గదిలో ఆరబెట్టాలి. తడి బూటు తెల్లారి కాలికెక్కదు.

పాస్ కొనే స్తోమత లేనివాళ్లకూ దారుంది. స్కీల అడుగున జారకుండా పట్టుకునే పట్టీలు అంటించుకుని, సొంత కాళ్లతో కొండెక్కి, పట్టీలు తీసేసి జారిరావచ్చు. రోప్‌వే ఖర్చుండదు. చెమట ఖర్చే. ఈ మధ్య ఆల్ప్స్‌లో ఇది బాగా పెరిగింది. అర్వ్ నది ఒడ్డునా, కొండ అడవుల్లోనూ నడకబాటలు ఎలాగూ ఉచితం.

ఒక్క విలాసం మాత్రం ఎవరూ వదులుకోరు. ఎగ్వీ దు మిదీ రోప్‌వే. 1955లో మొదలైన ఇది, ఊళ్లోంచి ఇరవై నిమిషాల్లో 3,777 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. పోను, రాను టికెట్ 75 యూరోలు దాటింది. అక్కడి నుంచి వాలే బ్లాంష్ అనే హిమానీనదం మీదుగా సుమారు ఇరవై కిలోమీటర్లు జారుకుంటూ దిగడం స్కీయర్ల కల. ఆ కల నెరవేరిన రోజే చివరి రోజు కాకుండా చూసుకోవడానికే గైడ్లున్నారు.

పప్పన్నమే దిక్కు

షామొనీ రెస్టారెంట్ల బోర్డుల మీది ధరలు చూస్తే మనకు ఆకలి చచ్చిపోతుంది. సీజన్ పనివాళ్లు వాటి గుమ్మం తొక్కేది పనిచేయడానికే. సరుకులకు సూపర్‌మార్కెట్. సాయంత్రం పొద్దుపోయాక గడువు దగ్గరపడ్డ మాంసం, జున్ను, సలాడ్ల మీద తగ్గింపు చీటీలు అతికిస్తారు. ఆ వేళకే వెళ్లేవాళ్లకు సగం ధరకు వారం సరుకు. ఇక్కడి పేరున్న తార్తిఫ్లెట్ చేయడమూ తేలికే. ఉడకబెట్టిన బంగాళదుంపలు, వేయించిన ఉల్లిపాయ, పంది మాంసం ముక్కలు పళ్లెంలో పరిచి, పైన రెబ్లోషోన్ జున్ను పెట్టి ఓవెన్‌లో కాలుస్తారు. మాంసం మానేసి కూడా చేసుకోవచ్చు. తరతరాల వంటకంలా చెబుతారు గానీ, ఈ పేరుతో అది ఊరూరా పాకింది 1980ల్లోనే. జున్ను అమ్మకాలు పెంచుకోవడానికి ఉత్పత్తిదారులు చేసిన ప్రచారం ఫలితమది.

బియ్యం, పప్పు, గుడ్లతో బతకగలిగిన తెలుగువాడికి తిండి పెద్ద బెంగ కాదు. ఫ్రాన్స్‌లో లెంటిల్స్ అన్ని దుకాణాల్లో దొరుకుతాయి. వెయ్యి మీటర్ల ఎత్తులో నీళ్లు వంద డిగ్రీలకు మూడు నాలుగు డిగ్రీల ముందే మరుగుతాయి కాబట్టి, పప్పు ఉడకడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది. కుక్కరుంటే ఆ బాధా లేదు. చింతపండు, పచ్చడి, కారం సంచీలో వేసుకెళితే చాలు.

పొదుపు కూడని చోట

ఖర్చు తగ్గించుకోవడంలో ఒకే ఒక గీత దాటకూడదు. ప్రాణం దగ్గర పొదుపు పనికిరాదు.

గుర్తులు పెట్టి, గస్తీ తిరిగే స్కీ బాటలు వేరు. వాటి అవతలి మంచు వేరు. అక్కడ మంచుచరియలు విరిగిపడొచ్చు, హిమానీనదం మీద కొత్త మంచు కప్పేసిన లోతైన నెర్రెలుండొచ్చు. మంచుచరియల ప్రమాదాన్ని ఒకటి నుంచి ఐదు అంకెల్లో రోజూ ప్రకటిస్తారు. మూడు అంటే మధ్యస్థమని చాలామంది అనుకుంటారు. కాదు, గట్టి ముప్పే. బాట దాటేవాళ్ల దగ్గర మూడు వస్తువులుండాలి. మంచులో కూరుకున్న మనిషి ఎక్కడున్నాడో సంకేతం పంపే బీకన్, గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, తవ్వే పార. కూరుకుపోయినవాడు బతికే అవకాశం మొదటి పది పదిహేను నిమిషాల్లోనే. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు, పక్కనున్న స్నేహితుడే తవ్వాలి. పాత సామాను సంతలో చౌకగా దొరికిన ఇరవై ఏళ్లనాటి బీకన్ కొనకండి. కొత్తది కొనండి, వాడటం నేర్చుకోండి. కుదరదంటారా, బాట దాటకండి.

1999 ఫిబ్రవరి 9న షామొనీ పైనున్న మోంరోక్ పల్లె మీద మంచుచరియ పడి 12 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లు స్కీయింగ్‌లో లేరు, ఇళ్లలో ఉన్నారు. ఆ లోయలో మంచు ముప్పు కొండెక్కేవాళ్లదొక్కటే కాదు.

డబ్బు లెక్కా ఉంది. ఫ్రాన్స్‌లో పర్వత ప్రాంతాల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడే పోలీసు దళం సేవలు ఉచితం. 1956 చివర్లో విన్సెండాన్, హెన్రీ అనే ఇద్దరు యువకులు మౌంట్ బ్లాంక్ మీద చిక్కుకుని, రోజుల తరబడి సాయం అందక చనిపోయాక దేశమంతా అట్టుడికింది. ఆ తర్వాతే ప్రభుత్వం ఈ బాధ్యత భుజానికెత్తుకుంది. కానీ స్కీ బాట మీద కాలు విరిగితే కిందికి దించినందుకు మాత్రం డబ్బు కట్టాలి. సరిహద్దు దాటి స్విట్జర్లాండ్ వైపు పడితే బిల్లు మరీ వాచిపోతుంది. మన ట్రావెల్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి స్కీయింగ్ వర్తించదు. ఆ వాక్యం కోసం పాలసీ కాగితాలన్నీ వెతికాకే విమానం ఎక్కాలి.

మనవాళ్లకు దారుందా?

ఇక అసలు ప్రశ్న. గుంటూరు నుంచో, వరంగల్ నుంచో ఒక అబ్బాయో అమ్మాయో ఇలా సీజన్ గడపగలరా?

టూరిస్టు వీసాతో పూర్తి సీజన్ కుదరదు. షెంజెన్ వీసా ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండనిస్తుంది. సీజన్ నాలుగు నెలలు. పైగా ఆ వీసా మీద ఒక్క రోజు పని చేయకూడదు, జీతం తీసుకోకపోయినా సరే. 2025 అక్టోబరు నుంచి వేలిముద్రలు, ఫొటోతో రాకపోకలు కంప్యూటర్లో నమోదవుతున్నాయి. రెండు రోజులు అటూఇటూ అయితే ఎవరు చూస్తారులే అనే ధీమా ఇక చెల్లదు. ‘వీసా మేం చూసుకుంటాం, ఆల్ప్స్‌లో హోటల్ ఉద్యోగం’ అని లక్షలు అడిగే ఏజెంట్ల మాట నమ్మితే మునిగినట్టే. సీజన్ పనికి బయటి దేశాలవాళ్లను తెచ్చుకోవాలంటే ఫ్రాన్స్‌లో యజమానే ముందుగా వర్క్ పర్మిట్ తీసుకోవాలి. అంట్లు తోమే పనికి అంత శ్రమ పడేవాళ్లు అరుదు. ఆస్ట్రేలియా, కెనడా కుర్రాళ్లకు ఉన్నట్టు ఫ్రాన్స్‌తో వర్కింగ్ హాలిడే ఒప్పందం మనకు లేదు. బ్రిటిష్ యువత కూడా 2021 నుంచి, యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడ్డ పుణ్యాన, ఈ తిప్పలే పడుతోంది.

న్యాయంగా తెరుచుకున్న తలుపు ఒకటుంది. ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న మన విద్యార్థులు ఏడాదికి 964 గంటలు పని చేయొచ్చు. పదిహేడు వారాల సీజన్‌లో వారానికి 35 గంటలు పనిచేసినా 595 గంటలే. గంటలు సరిపోతాయి, సరిపోనిది కాలేజీ హాజరే. అందుకని గ్రెనోబుల్, లియోన్ లాంటి కొండలకు దగ్గరి నగరాల్లో చదివేవాళ్లు క్రిస్మస్, ఫిబ్రవరి సెలవుల్లో చిన్న ఒప్పందాలు చూసుకోవడం మేలు. ఆ వారాల్లోనే హోటళ్లకు మనుషుల కొరత ఎక్కువ. కాస్త ఫ్రెంచి వస్తే వంటింటి నుంచి వడ్డనకు, వడ్డన నుంచి రిసెప్షన్‌కు ఎదగొచ్చు.

ఇంకో తలుపు భూగోళానికి అటువైపు ఉంది. ఆస్ట్రేలియా 2024 నుంచి 18-30 ఏళ్ల మధ్య భారతీయులకు ఏటా వెయ్యి వర్క్ అండ్ హాలిడే వీసాలు లాటరీ పద్ధతిలో ఇస్తోంది. చదువు, ఇంగ్లిష్ అర్హతలుండాలి. అక్కడి కొండల మీద జూన్ నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా మంచు సీజన్. కొండల పేరు కూడా ఆస్ట్రేలియన్ ఆల్ప్సే!

అంత దూరం అక్కర్లేదనుకుంటే, ముందు మన మంచు మీద నిలబడటం నేర్చుకోవచ్చు. కాశ్మీర్‌లోని గుల్మార్గ్ షామొనీ కంటే రెండున్నర రెట్లు ఎత్తున ఉంది. అక్కడి గొండోలా దాదాపు నాలుగు వేల మీటర్లకు తీసుకెళుతుంది. కేంద్ర పర్యాటక శాఖకు చెందిన స్కీయింగ్ సంస్థ అక్కడుంది. మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ సోలాంగ్‌లో రెండు వారాల స్కీ కోర్సులు నడుపుతుంది. బస, భోజనం, సామాను అన్నీ అందులోనే. ఆల్ప్స్‌లో రెండు మూడు రోజుల ఖర్చుతో ఇక్కడ రెండు వారాల కోర్సు పూర్తవుతుంది. శీతాకాల ఒలింపిక్స్‌కు వెళ్లిన ఆరిఫ్ ఖాన్ గుల్మార్గ్ వాలుల మీద పెరిగినవాడే.

తొందరపడాల్సిన కారణమూ ఒకటుంది. షామొనీలోని మేర్ ద గ్లాస్ ఫ్రాన్స్‌లో అతిపెద్ద హిమానీనదం. 1909 నాటి మోంతెన్వేర్ రైలు దిగి, ఒకప్పుడు దాదాపు నేరుగా మంచు మీద కాలు పెట్టేవారు. మంచు కుంగిపోతూ వచ్చి, చివరికి అక్కడికి చేరాలంటే ఐదొందలకు పైగా మెట్లు దిగాల్సి వచ్చింది. ఇక లాభం లేదని హిమానీనదం ఎగువన 2024లో కొత్త కేబుల్ కార్ పెట్టారు. తక్కువ ఎత్తులోని చిన్న స్కీ కేంద్రాలు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. ఎత్తయిన షామొనీకి ఇంకా కొంత కాలం ఉంది. మంచు కోసం జనమంతా అలాంటి ఎత్తయిన ఊళ్లకే ఎగబడతారు కాబట్టి, గూడు ఖరీదు రేపు ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు.

కనుక ఈ సరదా ఉన్నవాళ్లు వరస తప్పకండి. ముందు చట్టబద్ధమైన వీసా, తర్వాత బస ఇచ్చే ఉద్యోగం, ఆ తర్వాత బీమా, చివర్లోనే విమానం టికెట్. ఈ వరస తిరగేసినవాళ్లకు షామొనీ మహా ఖరీదైన ఊరు. పాటించినవాళ్లకు, పళ్లేలు కడగడానికి సిగ్గుపడని వాళ్లకు, ఆల్ప్స్‌లో అంతకంటే చౌకైన శీతాకాలం లేదు.